పాత ట్రాక్టరునకు ఎట్టి బ్యాటరీ తగును?

గడచిన సార్వా నాట్లకాలమున తెనాలి ప్రాంతమందలి యొక గ్రామమునకు విత్తనశుద్ధి చేయు విధానము జూపుటకై పోయియుంటిని. ప్రదర్శనమునకు రావలసిన రైతులలో సగముమంది కాలువగట్టుమీద నొక ట్రాక్టరును వెనుకనుండి త్రోయుచు గనబడిరి. అది 1960వ దశాబ్దమున విదేశమునుండి దిగుమతియైన డీజిలు ట్రాక్టరు. తండ్రి కొన్నది, కొడుకు నేటికిని దానితోనే దమ్ము చేయుచున్నాడు. ఇంజనునందు లోపమేమియు లేదు. నాలుగు గజములు త్రోసినచో నందుకొనును. కాని సెల్ఫు తిరుగుటలేదు. మడిలో నీరు నిలిచియున్నది, నారు ముదురుచున్నది, ఆ కాలువకు వంతు మఱునాటితో ముగియును. బురదలో నింజను ఆగినచో పదిమంది పట్టినను త్రోయుట సాధ్యము గాదు గదా. అందుచే నాతడు ఉదయమున నొకమాఱు గట్టుమీద త్రోయించి, ప్రొద్దుగ్రుంకువఱకు ఇంజను నాపక, భోజనమునకు బోయినప్పుడును దానిని నడువనిచ్చుచుండెను. ఎంత డీజిలు వృథాయగుచుండెనో చెప్పనక్కఱలేదు.

కారణ మడుగగా నాతడిట్లు చెప్పెను: "పాత బ్యాటరీ వారమువారము నీళ్లు త్రాగుచుండెడిదండీ. ఆ బాధ పడలేక, నీళ్లు పోయనక్కఱలేని సీలు బ్యాటరీని ఎక్కువ వెల పెట్టి తెచ్చితిని. మూడు మాసములు నిండకముందే యిది పొట్ట యుబ్బి కూర్చున్నది. దుకాణమువారు తమకు పూచీ లేదనుచున్నారు."

నాయొద్దనున్న వోల్టుల మీటరు నాతని బ్యాటరీకి తగిలించి, ఇంజనును పనిచేయు వేగమున నడిపించితిని. ముల్లు పదునైదున్నర దాటి నిలిచినది. పండ్రెండు వోల్టుల బ్యాటరీని నింపుటకు పదునాలుగు, హెచ్చైనచో పదునాలుగున్నర చాలును. డైనమోప్రక్కనుండు రెగ్యులేటరు పెట్టె చెడి, విద్యుత్తును హద్దులేక లోనికి త్రోయుచుండెను. పాత బ్యాటరీ వారమువారము నీరు త్రాగుట బ్యాటరీయొక్క దోషము గాదు. అది తనను గొట్టుచున్నారని అది పెట్టుకొన్న మొఱ. మూతలుండుటచే ఆవిరియైన నీటిని మఱల పోయుటకు వీలుండినది గనుక నన్నినాళ్లు బ్రదికినది. సీలు బ్యాటరీకి నోరు లేదు. లోని తడి యావిరియై పోయిన పిమ్మట దానిని బ్రదికించు నుపాయము లేదు. దుకాణమువారు "దీనికంటె మంచిది లేదు" అన్నమాట యసత్యము గాకపోవచ్చును. కాని యే బండికి మంచిదో వారడుగలేదు, ఈతడు చెప్పలేదు.

మన సంఘసభ్యులలో పాత ట్రాక్టరులు గలవారు పలువురు. బ్యాటరీ కొనుటకు బోయినప్పుడు వెల, పూచీకాలము అను రెంటినే విచారించుచున్నారు. ఆ రెండును విచారింపవలసినవే. కాని వానికి ముందు తన బండిని గూర్చి తాను తెలిసికొనవలసిన సంగతులు గొన్ని గలవు.

మొదటిది వోల్టులు. సీసపుపలకలను పలుచని గంధకామ్లములో ముంచి విద్యుత్తును నిలువచేయు పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టెను. నేటికిని ట్రాక్టరు బ్యాటరీ మూలమునం దదియే. ఒక్కొక్క గది రెండు వోల్టులకు గొంచె మెక్కువగా నిచ్చును. కావున మూడు మూతలున్నచో నాఱు వోల్టులు, ఆఱు మూతలున్నచో పండ్రెండు. అమెరికాలో 1947 మొదలు 1952 వఱకు తయారైన ఫోర్డు 8ఎన్ వంటి పెట్రోలు ట్రాక్టరు లాఱు వోల్టులవి. మన పొలములలో దున్నుచున్న డీజిలు బండ్లు పండ్రెండు వోల్టులవి. అయితే మూడు మూతల పెట్టె గనబడినంతమాత్రమున బండి యాఱు వోల్టులదని తలపరాదు. కొన్నిటిలో నట్టి పెట్టెలు రెండు జతగూర్చి పండ్రెండు చేసియుందురు. అట్టిచోట నొకటి చెడినచో రెంటినిగూడ మార్చవలయును. ముసలియెద్దును పడుచుయెద్దును నొకే కాడికి గట్టినట్లు, క్రొత్తదాని నడుమ పాతది నిలువలేదు. సందేహము గలిగినచో దీపపు బల్బుమీదను డైనమో రేకుమీదను ఉన్న యంకెలు చూడవలయును.

రెండవది, బండి శరీరమునకు తగిలించిన కొస యేది యనునది. ఇది తెలియక చెడినవారే యెక్కువ. నేటి బండ్లన్నిటిలో బ్యాటరీయొక్క మైనసు కొస ఇనుపశరీరమునకు బిగించియుండును. పూర్వకాలపు బండ్లలో, ముఖ్యముగా ఇంగ్లండునుండి వచ్చినవానిలో, ప్లసు కొసను శరీరమునకు బిగించు నాచార ముండెను. పైన జెప్పిన ఫోర్డు 8ఎన్ గూడ నట్టిదే. తరువాత ననేకులు మిస్త్రీలచే మార్పించిరి గనుక, బండి పేరునుబట్టియు సంవత్సరమునుబట్టియు నిర్ణయింపరాదు. పాత బ్యాటరీని విప్పకముందే యే కొస శరీరమునకు బోయినదో చూచి, సుద్దతో పెట్టెప్రక్కన వ్రాసికొనవలయును.

ఇంకొక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదను. కుఱ్ఱవాడగు మిస్త్రీ యొకడు క్రొత్త బ్యాటరీ తెచ్చి, వాడుకచొప్పున మైనసును శరీరమునకు తగిలించెను. బండి ప్లసును కోరునది. సెల్ఫు నొక్కగా మామూలుగనే తిరిగినది, ఇంజను అందుకొన్నది, అందఱును సంతోషించిరి. ఇందలి మోసము గమనింపుడు. పాతకాలపు సెల్ఫు మోటారును బ్యాటరీకి తలక్రిందులుగా తగిలించినను అది తిరుగుదిక్కు మారదు. అందలి తీగచుట్టలన్నియు నొకేసారి తిరుగబడును గనుక నొకదాని మార్పును రెండవది చెఱిపివేయును. కావున తప్పు జరిగినదని సెల్ఫు చెప్పదు. కాని డైనమో తన పూర్వపు దిక్కును విడువదు. ఇంజను వేగమందుకొని కటౌటు మూసికొనగనే, బ్యాటరీ డైనమో రెండును నెదురెదురుగా నుండవలసినవి యొకదాని వెనుక నొకటి చేరి విపరీతమైన ప్రవాహమును బుట్టించును. కటౌటు ముక్కులు కాలి యతుకుకొనిపోయినవి, తీగలు పొగలెత్తినవి. డైనమోకు బదులు ఆల్టర్నేటరు పెట్టుకొన్న బండిలో నీ పొరపాటు జరిగినచో లోని డయోడులు క్షణములో మాడిపోవును.

కొసలను పోల్చుటకు రంగుతీగలను నమ్మకుడు. ఎఱ్ఱతీగ దొరకనప్పుడు నల్లతీగ వేయుట మన మిస్త్రీలకు పరిపాటి. బ్యాటరీకొమ్ములలో ప్లసుది లావు, మైనసుది సన్నము. ఇది యెన్నడును మారదు. శరీరమునకు బోవు తీగకొసనున్న పట్టు లావుకొమ్మునకు సరిపోవునదైనచో నా బండి ప్లసును శరీరమునకు గోరునదని యూహింపవచ్చును. పట్టు చాలలేదని సుత్తితో కొట్టి లావుకొమ్మునకు దిగవేయువారిని చూచితిని. చాలకపోవుటయే హెచ్చరిక యని వారికి తోచలేదు.

ఇక మూడవది, మన కథకు మూలమైనది: నింపునది డైనమోయా, ఆల్టర్నేటరా? పాత డైనమో ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ఏమియు నీయదు. వేగమున సయితము ఇరువది యాంపియరుల చుట్టుపట్ల నిచ్చును. అయినను సెల్ఫు తినిన దానిని మఱల నింపుట కదియే చాలును. లెక్క చూడుడు. సెల్ఫు మున్నూఱు యాంపియరులను అయిదు సెకండులపాటు లాగినదనుకొన్నను, డైనమో పది యాంపియరులు పెట్టినచో మూడు నాలుగు నిమిషములలో నా యప్పు తీఱిపోవును. అప్పు తీఱనిది పెద్దదీపములవలనను, ఇప్పుడు ప్రతి ట్రాక్టరుమీదను వెలసిన పాటలపెట్టెలవలనను. ఇంజను నాపి చెట్టుక్రింద నిలిపిన బండిమీద రెండుగంటలు పాటలు మ్రోగించి, మఱునాడు బ్యాటరీ కంపెనీని తిట్టువారికి నేను చెప్పగలిగినది లేదు.

పైసంగతు లెఱిగిన పిమ్మట జాతి నిర్ణయించుట సులభము. డైనమో గల బండికి, మూతలు విప్పి నీరు పోయుటకు వీలైన సాధారణ బ్యాటరీయే తగినదని నా యభిప్రాయము. దాని పలకలలో సీసముతో నంజనలోహము, అనగా ఆంటిమొని, కొంచెము కలిసియుండును. అది నీరు కొంత త్రాగును, నిజమే. కాని పూర్తిగా దిగజారినను మఱల నిండుటకు నోర్చును. మూత విప్పి లోని సంగతి కనుగొనవచ్చును. రెగ్యులేటరు తప్పినచో నీటిమట్టమే మనకు చెప్పును. ఆల్టర్నేటరు మార్పించుకొని, వోల్టులు సరిగా నున్నవని మీటరుతో చూపించుకొన్నవారు, ఆంటిమొనికి బదులు కాల్షియము కలిపిన పలకలుగల నిర్వహణరహితమను జాతిని నిశ్చింతగా గొనవచ్చును. అది నీరు మిక్కిలి తక్కువ వాడును. అయితే కాల్షియము జాతి నిండుటకు గొంచె మెక్కువ వోల్టులనే కోరును. చాలీచాలని డైనమోక్రింద నది యెన్నడును నిండక, సగముకడుపుతో పలకలు గట్టిపడి చచ్చును.

గాజునూలు చాపలలో ఆమ్లమును పీల్పించిన ఏజీఎం అను జాతి కలదు. కుదుపునకు చక్కగా నోర్చును, ఒలుకదు, గట్టిగా లాగును. వెలయు నట్లే. పదునాలుగున్నర వోల్టుల చుట్టుపట్ల హద్దు దాటినచో నిలువదు గనుక, మన తెనాలి రైతు పడిన పాటే తక్కినవారును పడుదురు. జెల్లు జాతి యింతకంటె సుకుమారి. లిథియము బ్యాటరీలను గూర్చి కుఱ్ఱవారు నన్నడుగుచున్నారు. తేలిక, దీర్ఘాయువు గలవియే. కాని వానిలో కాపలాకై పెట్టిన యెలక్ట్రానిక్ పలకకు పాత డైనమోకు పొత్తు కుదురదు. ఏబదియేండ్ల బండికి దానిని తగిలింప సలహా యీయజాలను.

ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీని తెచ్చి ట్రాక్టరులో నుంచుట మఱియొక వ్యసనము. నూటయేబది యాంపియరు గంటలని వ్రాసియున్నది గదా, డెబ్బదియైదుదానికంటె రెండింతలు బలమైనదే గదా యని వారి వాదము. ఇన్వర్టరు బ్యాటరీలో గొట్టములవంటి దళసరిపలకలుండును. అవి కొంచెము కొంచెముగా గంటలతరబడి యిచ్చుట కేర్పడినవి. సెల్ఫునకు గావలసినది యొక్క ఊపున నూఱులకొలది యాంపియరులు. దానికి పలుచనిపలకలు పెక్కు ఉండవలయును. అదిగాక యా పొడవైన పెట్టె కుదుపుల కోర్వదు. బోదెలు దాటునప్పుడు పగిలినచో నామ్లము డ్రైవరు కాళ్లమీద బడును. బానెట్టు రేకు కొమ్ములకు తగిలి నిప్పురవ్వలు లేచుటయు కలదు.

పరిమాణము విషయమున, ముప్పదియైదు మొదలు నలువది గుఱ్ఱముల బలముగల డీజిలు బండికి పండ్రెండు వోల్టులు, డెబ్బదియైదు యాంపియరు గంటలు గలది సామాన్యముగా సరిపోవును. అంతకుమించిన బండికి ఎనుబదియెనిమిదిది వేయుచున్నారు. ఇంకను పెద్దది వేసిన మేలేమియు లేదు. చెఱువు పెద్దదైనను వచ్చుకాలువ సన్నమైనచో నిండునా? చలిదేశములవారు కొలత పెట్టుకొన్న చలివేళ తిప్పుబలమును గూర్చి మనమంతగా విచారపడనక్కఱలేదు. మనకు శత్రువు చలి గాదు, ఎండ. వేడిమి పది డిగ్రీలు హెచ్చినచో బ్యాటరీ యాయువు సగమునకు దగ్గఱగా తగ్గునని యీ విద్య తెలిసినవారి లెక్క. కావున ఇంజను వేడిగాలి నేరుగా తగులకుండ రేకునో చెక్కనో యడ్డుపెట్టుట యధికబలమునకు డబ్బు పోయుటకంటె లాభకరము. పెట్టె కొలతలు, ప్లసుకొమ్ము కుడివైపుననా యెడమవైపుననా యను సంగతియు వ్రాసికొని పోవలయును. తీగ చాలక దానిని సాగదీసి బిగించినచో నది కుదుపునకు వదులై తీరును.

దుకాణమున తయారైన మాసమును సూచించు గుఱుతు ఎక్కడ నున్నదో యడిగి చూడుడు. ఆఱు మాసములు బీరువాక్రింద నున్నదానిని మఱల నింపకుండ నిచ్చినచో తీసికొనకుడు. పాతపలకలను క్రొత్తపెట్టెలో నుంచి పేరు లేని చీటి యంటించి యమ్మువారు కొన్ని యూళ్లలో నున్నారు. అదే కొలతగల మంచిదానితో నొకచేత నిది నొకచేత నది యెత్తిచూచినచో బరువే చెప్పును. సీసము తక్కువైనచోట బరువు తక్కువ.

ఇంత చెప్పి, కొనకుండ సరిపోవు సందర్భమును గూర్చి చెప్పకపోవుట న్యాయము గాదు. బ్యాటరీ చచ్చినదని నాకు జూపినవానిలో ననేకములు చావలేదు. శరీరమునకు బిగించిన చోట త్రుప్పు పట్టి, కొమ్ములమీద తెల్లని బూజుగట్టి, విద్యుత్తునకు దారి లేకపోయినది. సెల్ఫును రెండుమూడుమాఱులు నొక్కి, వెంటనే పట్లను వ్రేలితో తాకి చూడుడు. ఏది వేడెక్కినదో లోపమక్కడ. గోరువెచ్చని సోడానీటితో కడిగి, మెఱయునట్లు గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయవలయును. రాత్రియంతయు విశ్రాంతిగా నున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నట్లు, 12.2 చూపినచో సగము. సెల్ఫు తిరుగునప్పుడు పది వోల్టులకు మిక్కిలి దిగువకు బడినచో మాత్రము బ్యాటరీని శంకింపవలయును. హైడ్రోమీటరుతో చూచినచో మన వేడిదేశమున నిండు బ్యాటరీలోని ద్రవము 1.240 చుట్టుపట్ల నుండును. అయిదు గదులు సరిగానుండి యాఱవది మాత్రము చాల తక్కువ చూపినచో నా గది పోయినట్లే. ఎంత నింపినను ఫలముండదు.

నీరు తగ్గినచోట బట్టీపట్టిన నీటినే పోయవలయును. బోరునీటిలోని లవణములు పలకలను తినివేయును. ఆవిరియగునది నీరే గాని యామ్లము గాదు గనుక ఆమ్లమును చేర్చరాదు. మేము మిషను పాఠశాలలో చదువునాడు సామాన్యశాస్త్రము చెప్పిన పంతులుగారు, ఆమ్లమును నీటిలో పోయవలెనుగాని నీటిని ఆమ్లములో పోయరాదని బెత్తముతో బల్లమీద తట్టి మాచే వల్లెవేయించెడివారు. ఆ వల్లె యీ పనిలో రెండుమాఱులు నా కన్నులను గాపాడినది. నింపునప్పుడు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. బీడీ కాల్చుచు మూత విప్పి తొంగిచూచుట తుపాకిమందు కొట్టులో దివిటీ పట్టుటవంటిది. విప్పునప్పుడు శరీరమునకు బోవు తీగను ముందు విప్పవలయును, బిగించునప్పుడు దానినే చివర బిగింపవలయును. ఇది ప్లసుబండికిని మైనసుబండికిని నొకటే నియమము. పనిముట్టు జాఱి యినుమునకు తగిలినను నప్పుడు ప్రమాదముండదు.

బ్యాటరీ బలహీనమైనపుడు కొందఱు చేయు పని యొకటి చూచి నాకు గుండె జల్లుమనును. నేలమీద పెద్దచక్రము ముందర నిలిచి, స్క్రూడ్రైవరుతో సెల్ఫు మోటారు కొసలను గలిపి ఇంజనును లేపుచున్నారు. బండి గేరులో నున్నచో ఇంజను లేచిన మఱుక్షణమే చక్రము వాని మీదుగా బోవును. పాతబండ్లలో గేరులో నున్నను సెల్ఫు తిరుగకుండ నాపు నేర్పాటు లేకపోవచ్చును. ఉన్నను ఈ పద్ధతి దానిని దాటిపోవును. ఇట్లు మన దేశమునను పరదేశములను ప్రాణములు పోయినవి. వాలుగట్టుమీద నిలిపి జార్చి యింజను నందించుటయు నట్టిదే. గట్టుకు రెండవవైపున కాలువ యున్నది.

దాళ్వా లేని గ్రామములలో బండి మాసములతరబడి యూరకుండును. ఊరకున్న బ్యాటరీ ఎండకాలమున తనంతట తానే దిగజారును. దిగజారి యుండినచో పలకలమీద గట్టిపొర యేర్పడి మఱల నిండదు. ఒక తీగ విప్పియుంచి, నెలకొకమాఱు చిన్న చార్జరుతో నింపించినచో రెండు మూడేండ్లలో పోవునది అయిదేండ్లు రావచ్చును.

ఇక పాతపెట్టె. దానిని పగులగొట్టి సీసము కరగించి వలగుండ్లు పోయువారును, ఆమ్లమును బోదెలో పాఱబోయువారును నున్నారు. సీసపుపొగ పిల్లల బుద్ధిని గొట్టును. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నియమములనుబట్టి పాతవానిని మఱల సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారుచేసినవారియందున్నది. దుకాణమున పాతపెట్టె నిచ్చినచో క్రొత్తదాని వెలలో కొంత తగ్గింతురు. ఆ తగ్గింపును బేరమాడకముందే యడుగవలయును.

తెనాలి రైతు బండికి మొదట రెగ్యులేటరును బాగుచేయించితిమి. మీటరు పదునాలుగుంబాతిక చూపువఱకు నేను కదలలేదు. తరువాత నాఱు మూతల సాధారణ బ్యాటరీ, డెబ్బదియైదుది, వేసికొన్నాడు. ఆతని బండి ప్లసును శరీరమునకు గోరునది గనుక పెట్టెమూతమీద నెఱ్ఱరంగుతో నా మాట వ్రాయించితిమి. సంక్రాంతికి చూచినప్పుడు నీరు ఒక్కమాఱే పోసితినని చెప్పెను.

సంఘకార్యాలయమున హైడ్రోమీటరును వోల్టుల మీటరును ఉంచితిని. బ్యాటరీ కొనదలచినవారు నేను వచ్చునాడు కనబడవచ్చును. బండి తీసికొని రానక్కఱలేదు. బ్యాటరీపెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు, డైనమో రేకుమీది యంకెలు, శరీరమునకు బిగించిన కొమ్ము లావుదా సన్నదా యను సంగతి యొక కాగితముమీద వ్రాసికొని వచ్చినచో చాలును.